వకుళ పెట్టిన బ్రాకెట్లు

“మేస్టారూ, రూలంటూ పెట్టాక ఎంత గట్టిగా పెట్టాలి?”

శుక్రవారం పొద్దున్న వకుళ ఈ ప్రశ్న అడిగేసరికి భుజంగరావు గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. ఆయన అలవాటే అంత. ఎవరు ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పరు. కళ్లజోడు తుడుచుకుని, అడిగినవాళ్లకే ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేస్తే జవాబు అందులోనే దొరుకుతుందని కొందరి నమ్మకం. జవాబు తెలియకే అలా దాటేస్తారని మరికొందరి అనుమానం. విశాఖపట్నంలో, సీతమ్మధార వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మాత్రం ఆయన్ని అందరూ మేస్టారనే పిలుస్తారు. ఆయన ఎప్పుడూ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మేనేజరూ కాలేదు. తల నెరిసిపోయినా కోడ్ రాస్తూనే ఉండిపోయారు. మన దగ్గర నలభై దాటాక కూడా కోడ్ రాసేవాణ్ని ముదురు బ్రహ్మచారిని చూసినట్టు చూస్తారు. పాపం, ఏదో లోపం ఉండే ఉంటుందని జాలిపడతారు. ఆ జాలిని ఆయన పట్టించుకున్న దాఖలా లేదు.

ఇంతకీ వకుళ అడిగిన రూలు సంగతి, ఆ లోకం తెలియనివాళ్లకి కాస్త విప్పి చెప్పాలి. ప్రోగ్రాం అంటే సగం షరతులే. ‘ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యి’ అని యంత్రానికి రాసిపెడతాం. చెయ్యాల్సిన పని చుట్టూ రెండు బ్రాకెట్లు పెడితే, షరతు ఇక్కణ్ణించి ఇక్కడిదాకా వర్తిస్తుందని దానికి తెలుస్తుంది. పని ఒక్క లైనే అయితే బ్రాకెట్లు లేకపోయినా యంత్రం ఊరుకుంటుంది. షరతు కింద ఉన్న మొదటి లైనుకే వర్తిస్తుంది, ఆ తరవాతి లైను షరతుతో పని లేకుండా చెయ్యాల్సిందే అనుకుంటుంది. ఊరుకుంటోంది కదా అని మనవాళ్లు బ్రాకెట్లు మానేస్తారు. కొన్నాళ్లకి ఇంకొకరెవరో వచ్చి, ఆ ఒక్క లైను కింద ఇంకో లైను చేర్చి, దాన్ని కూడా కుడివైపుకి జరిపి మొదటిదాని కింద చక్కగా అమరుస్తారు. చూసే మనిషికి రెండూ షరతు కిందే ఉన్నట్టు కనిపిస్తాయి. యంత్రానికి ఆ అమరిక పట్టదు. అది బ్రాకెట్లనే చూస్తుంది, మనుషుల ఉద్దేశాలు చూడదు.

వాళ్ల ఆఫీసుకి ఉన్న పెద్ద పని ఒక కంటి ఆస్పత్రి ప్రోగ్రాం. అందులో ‘ఆపరేషన్ వాయిదా పడితే రోగి ఫోనుకి కబురు పంపు’ అని ఒక లైను ఉంది. బ్రాకెట్లు లేవు. రాసిన మహానుభావుడు ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు. దాని కింద సన్యాసినాయుడు ఇంకో లైను చేర్చాడు: ‘ఆ రోగి పేరు ఇవాళ్టి జాబితాలోంచి తీసెయ్యి.’ వాయిదా పడినవాళ్ల పేరు తీసెయ్యాలని అతని ఉద్దేశం. యంత్రం అందరి పేర్లూ తీసేసింది. మంగళవారం పొద్దున్న చోడవరం నుంచి, పాడేరు నుంచి, ఇంకా పై ఊళ్ల నుంచి ముసలివాళ్లు తెల్లవారకముందే బస్సెక్కి వచ్చారు. ఆపరేషన్ అయితే మళ్లీ చాలా రోజులు తల తడపకూడదని ముందే తలస్నానాలు చేసి, కళ్లలో చుక్కలు వేసుకుని వచ్చారు. కౌంటర్లో వాళ్లు కంప్యూటర్ చూసి, మీ పేరు లేదమ్మా, మీ పేరు లేదు తాతా అన్నారు. కొందరు మధ్యాహ్నందాకా బెంచీల మీద కూర్చున్నారు. కొందరు అప్పుడే తిరిగి బస్సెక్కారు. వాళ్లలో ఎంతమంది మళ్లీ వస్తారో ఆస్పత్రికే తెలియదు.

ఆస్పత్రివాళ్లు అదే రోజు పాత ప్రోగ్రాంని తిరిగి పెట్టించుకున్నారు. కొత్తది ఆఫీసులోనే ఉండిపోయింది, ఉన్న తప్పుతో సహా. ఆ పైన వాళ్లు రెండు కోరారు. ఒకటి, ఇలాంటిది మళ్లీ జరగకుండా రూలు పెట్టి, తప్పులు సున్నా అని రిపోర్టు చూపించాలి. రెండోది, ఆ లైను రాసిన మనిషి పేరు పంపాలి, ఆ మనిషి ఇక తమ పనిలో ఉండకూడదు. ఆఫీసులో నాయుడికి ఇవ్వడానికి వేరే పని లేదు. ఆస్పత్రి పని నుంచి తీసేస్తే ఇంటికి పంపినట్టే. అతను అనకాపల్లిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. కాలేజీ మూతపడితే, ముప్పై దాటాక, తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకున్నాడు. ఈ ఉద్యోగం దొరకడానికి అతను ఎన్ని మెట్లు ఎక్కి దిగాడో అతనికే తెలుసు.

ఇంకో సంగతి ఉంది. ఆస్పత్రివాళ్లు దాన్ని అడగలేదు, వకుళ చెప్పనూ లేదు. ఆ ఆఫీసులో ఎవరు ఏ మార్పు చేసినా మరొకరు చదివి సరే అంటేనే అది లోపలికి వెళుతుంది. నాయుడు చేర్చిన లైనుని చదివి సరే అన్నది వకుళే. ఆ సాయంత్రం ఆమె అలాంటివి చాలా చదివింది. చదివిందంటే, కళ్లు లైన్ల మీదుగా నడిచాయి, వేలు సరే అని నొక్కింది. టీముకి లీడ్ అయినప్పటి నుంచి ఆమె పని అలాగే తయారైంది. రాయడం తగ్గింది, ఇతరులు రాసినదాని మీద సంతకం పెట్టడం పెరిగింది. ఆదివారం రోజంతా పడుకున్నా ఆ అలసట తీరడం మానేసి చాలా కాలమైంది.

చేతులు కాలాక ఆకుల కోసం వెతకడం మనకి కొత్త కాదు. ఇప్పుడు అందరూ బ్రాకెట్ల గురించే మాట్లాడుతున్నారు. ప్రతి షరతుకీ బ్రాకెట్లు ఉండి తీరాలి అని సగం టీము. ఒక్క లైనుకి కూడా బ్రాకెట్లేమిటి, చీమకి చొక్కా తొడిగినట్టు అని మిగతా సగం. కోడ్‌ని తనిఖీ చేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఏ రూలు పెడితే ఆ రూలు తప్పినచోటల్లా అది గీత గీస్తుంది. పసుపు గీత అయితే హెచ్చరిక, పట్టించుకోకపోయినా పని ముందుకు పోతుంది. ఎర్ర గీత అయితే పోదు, సరిచేసేదాకా ఆగాల్సిందే. పసుపు పెట్టమని కొందరు, ఎరుపు పెట్టమని కొందరు, మూడు రోజులు ఇదే వాదన. భోజనాల దగ్గర కూడా రెండు బల్లల వాళ్లు విడివిడిగా కూర్చున్నారు. మనిషి ఉద్యోగం పోబోతుంటే గీతల రంగు గురించి తగువులాడుకోవడం సాఫ్ట్‌వేర్ వాళ్లకే చెల్లింది.

అందుకే వకుళ శుక్రవారం పొద్దున్నే మేస్టారి బల్ల దగ్గరికి వచ్చింది.

“నాకు ఎరుపే పెట్టాలనుంది మేస్టారూ,” అంది. “ఒక్కచోట కూడా సందు ఇవ్వకుండా. మెత్తగా ఉన్నందుకేగా ఇంత జరిగింది. చక్రపాణి గారు సాయంత్రంలోగా రిపోర్టు కావాలన్నారు. మధ్యాహ్నం మీటింగులో ఆ లైను తెర మీద చూపించి, ఎవరిదో పేరు రాసుకుని పంపేస్తారట.”

“నాయుడి పేరు.”

“ఆయనదే కదండీ లైను. నాకూ బాధగానే ఉంది. కానీ రూలు రూలే.”

ఆ మాట అన్నాక తనకే ఎక్కడో గుచ్చుకుంది. ‘సరే అన్నది ఎవరు?’ అని మేస్టారు అడుగుతారేమోనని చూసింది. ఆయన అడగలేదు. కళ్లజోడు పెట్టుకున్నారు.

“ఎంత గట్టిగా పెట్టాలనుందో అంత గట్టిగానూ పెట్టి చూడు,” అన్నారు. “జవాబు తరవాత మాట్లాడుకుందాం.”

వకుళ తన కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది. రూలు రాసే ఫైలు తెరిచింది. ‘అన్ని షరతులకీ’ అని పెట్టింది, ‘ఎర్రర్’ అని, అంటే ఎర్ర గీత గియ్యమని, పెట్టింది. తనిఖీ నడిపించింది. తెర నిండా ఎర్ర గీతలే. కిందికి జరుపుతుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎంతోమంది రాసిన కోడ్, ఊరుకుంటోంది కదా అని వదిలేసిన బ్రాకెట్లు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, ఇవన్నీ సాయంత్రంలోగా ఎవరు సరిచేస్తారు?

సరిచేసే దారి కూడా అందులోనే ఉంది. తప్పు చూపించే ప్రోగ్రామే, ఒక్క మాట జోడించి నడిపిస్తే, తప్పులన్నీ తనే దిద్దేస్తుంది. బ్రాకెట్లు లేనిచోటల్లా పెట్టి, లైన్లన్నీ వాటి వాటి స్థానాల్లోకి జరిపి, ఇల్లు ఊడ్చినట్టు చేసిపెడుతుంది.

“మిషనుకే అప్పజెబుతాను మేస్టారూ. మనిషి కూర్చుని చేసే పని కాదిది.”

“అన్నీ సరిచేస్తుందా?”

“అన్నీ చేస్తుందండి.”

“అయితే కానియ్యి.”

వకుళ ఆ ఒక్క మాటా రాసి నొక్కింది. ఎర్ర గీతలన్నీ పోయాయి. అడుగున ‘తప్పులు: సున్నా’ అని పడింది. బ్రాకెట్లే కదా అని ఎవరి చేతా చదివించకుండా, లీడ్‌కి ఉన్న వీలుతో దాన్ని అందరూ వాడే ఉమ్మడి కోడ్‌లోకి పంపేసింది. ఆ వారంలో మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. మేస్టారు ఏమైనా అంటారేమోనని చూసింది గానీ ఆయన అప్పటికే తన పనిలో పడిపోయారు. అడగడానికి వచ్చిన ప్రశ్నకి జవాబు దొరకలేదు, అయినా పని అయిపోయింది కదా అని ఆమె లేచింది.

దారిలో నాయుడు ఎదురయ్యాడు. మూడు రోజుల నుంచి అతను ఎవరితోనూ కలిసి భోజనం చెయ్యడం లేదు. డబ్బా తెచ్చుకుని బల్ల దగ్గరే తింటున్నాడు.

“మేడమ్, రూలు పెట్టేసినట్టున్నారు.”

“పెట్టేశానండి. మొత్తం శుభ్రం అయిపోయింది. ఒక్క తప్పు కూడా లేదు.”

“నా లైను కూడా?”

“అన్నీ.”

“అలాగాండి,” అన్నాడు నాయుడు. ఇంకేదో అడగబోయి, పెద్దవాళ్లకి తెలీదా అన్నట్టు ఊరుకున్నాడు. క్లాసులో పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పారో పక్కన కూర్చుని వెతికే మనిషి, తన తప్పు గురించి అడగడానికి మొహమాటపడ్డాడు. వకుళ కూడా ఆగలేదు. ఆగితే ఆ మొహం వంక చూడాల్సి వస్తుంది.

మధ్యాహ్నం మీటింగుకి నలుగురే కూర్చున్నారు. చక్రపాణి, వకుళ, నాయుడు, మూల కుర్చీలో మేస్టారు. చక్రపాణి మేనేజరు. చెడ్డవాడు కాదు, రెండు వైపుల నుంచీ మాట పడేవాడు. ఆస్పత్రివాళ్లు రోజూ ఫోన్ చేసి తిడుతుంటే అతని కళ్ల కింద కూడా నల్లటి చారలు వచ్చాయి. ముందు రిపోర్టు చూశాడు. సున్నా చూసి తల ఊపాడు.

“బావుంది. ఇప్పుడు ఆ లైను తెరువు, వకుళా. ఎవరిదో చూపించు. ఫొటో తీసి పంపేస్తాను, గొడవ వదిలిపోతుంది.”

ఏ లైను ఎవరు రాశారో చూపించే సదుపాయం ఒకటుంది. లైను మీద చివరిసారి ఎవరి చెయ్యి పడిందో వాళ్ల పేరు పక్కన పడుతుంది. దాని పేరు బ్లేమ్. నింద అని. ఆ పేరు పెట్టినవాడెవరో గానీ నిజాయితీపరుడు. వకుళ ఫైలు తెరిచింది. ఆ చోటుకి వెళ్లింది. బ్లేమ్ నొక్కింది. గోడ మీద తెర పెద్దదిగా వెలిగింది.

అక్కడ రెండు సంగతులు కనిపించాయి, రెండూ వకుళ ఊహించనివే. మొదటిది, తప్పు అలాగే ఉంది. యంత్రం బ్రాకెట్లు పెట్టింది, కానీ యంత్రానికి తెలిసిన ప్రకారం పెట్టింది. ‘కబురు పంపు’ ఒక్కటే బ్రాకెట్ల లోపల ఉంది. ‘పేరు తీసెయ్యి’ బయట పడింది. అంతటితో ఆగలేదు. నాయుడు కుడివైపుకి జరిపి పెట్టిన ఆ లైనుని ఎడమకి లాగి, బయటి లైన్లతో సమానంగా నిలబెట్టింది. పొద్దుటిదాకా ఆ లైను ఒరిగి ఉన్న తీరు చూస్తే, ఈ మనిషి దీన్ని షరతు లోపలే ఉంచాలనుకున్నాడని పసివాడికైనా తెలిసేది. ఇప్పుడు ఎవరో బాగా ఆలోచించి, కావాలనే అందరి పేర్లూ తీసెయ్యమని రాసినట్టుంది. తప్పు పోలేదు సరికదా, తప్పుకి ఇస్త్రీ బట్టలు తొడిగినట్టయింది.

రెండోది పక్కన ఉన్న పేరు. రెండు లైన్లకీ ఒకటే పేరు. వకుళ.

చక్రపాణి చూశాడు. ఇంకోసారి చూశాడు.

“నువ్వా?” అన్నాడు. “నువ్వు రాసి, మూడు రోజుల నుంచీ నాయుడి మీదకి తోస్తూ వచ్చావా? నేను నిన్ను నమ్మి లీడ్‌ని చేశాను.”

పొద్దున్న తను నొక్కిన ఒక్క మాటతో ప్రతి బ్రాకెట్టు మీదా, జరిగిన ప్రతి లైను మీదా తన పేరు పడిందని వకుళకి అప్పుడు అర్థమైంది. సంజాయిషీ తేలికే. ఒక్క మీట నొక్కితే పొద్దుటి రూపం వస్తుంది, అందులో నాయుడి పేరు ఉంటుంది. ఆ పేరు చూపించడానికే కదా తను వచ్చింది. కానీ చెయ్యి కదల్లేదు. చక్రపాణి అప్పటికే ఫోన్ పైకెత్తి తెరకి గురిపెట్టాడు. ఏం జరిగిందని అడగలేదు, ఎందుకు ఇలా ఉందని అడగలేదు. తెర మీద ఉన్నది అతనికి చాలు. వకుళకి భయం వేసింది, కోపం వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. ఒక్క నిమిషం ఆగవయ్యా, నన్ను ఒక్కమాట అడుగు అని లోపల అరుస్తోంది, పైకి రావడం లేదు. మూడు రోజుల నుంచీ డబ్బా ముందు పెట్టుకుని ఒక్కడూ కూర్చునే మనిషి ఇదే అరుపు అరుస్తూ ఉండి ఉంటాడని ఆమెకి అప్పుడు తట్టింది.

“ఆగండి సార్,” అన్నాడు నాయుడు.

చక్రపాణి ఫోన్ దించాడు.

“అది నా లైనేనండి. మేడమ్ పేరు మిషను ఏసేసింది. పొద్దున రూలు పెట్టారు కదా, అన్నిటినీ సర్దేసింది. ఎనక్కి ఎల్లి చూడండి, నా పేరుంటాది.” కాస్త ఆగి అన్నాడు, “ఒకరి తప్పు ఇంకొకరు మొయ్యడం ఏటి సార్, లెక్క తేలదు కదా.”

మేస్టారు కళ్లజోడు కూడా తియ్యలేదు, కదలకుండా కూర్చున్నారు. వకుళ లేచి నిలబడింది, పిల్లలు తప్పు ఒప్పుకోవడానికి నిలబడినట్టు.

“లైను నాయుడు గారిదే సార్. దాన్ని చదివి సరే అన్నది నేను. చదివానని కూడా చెప్పలేను, అలసిపోయి నొక్కేశాను. ఇవాళ పొద్దున్న దానికి బ్రాకెట్లు తగిలించి, తప్పుని ఖాయం చేసింది కూడా నేనే. మీరు చూసిన సున్నా అబద్ధం.”

చక్రపాణి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

“అయితే నన్నేం చెయ్యమంటావు? వాళ్లు అడిగింది ఒక్క పేరు.”

“తెర మీద ఉన్నదే పంపండి. అది నా సంతకంతోనే లోపలికి వెళ్లింది. ఎలా వెళ్లిందో కూడా రాయండి.”

చక్రపాణి చాలాసేపు నాయుడి వంకా, వకుళ వంకా చూశాడు. అరిచే ఓపిక కూడా అతనికి లేదు. అక్కడే కూర్చుని, వకుళ చెప్పింది చెప్పినట్టు రాసి పంపించాడు. ఆస్పత్రి నుంచి జవాబు సాయంత్రం కాఫీ వేళకి వచ్చింది. లీడ్ స్వయంగా సోమవారం వచ్చి, డాక్టర్ల ముందూ, వెనక్కి వెళ్లిన రోగుల బంధువుల ముందూ జరిగింది చెప్పాలట. ఎవరినైనా తీసెయ్యమన్న మాట మాత్రం అందులో లేదు. దొరికినవాణ్ని గెంటెయ్యడం తేలిక. ఎదురొచ్చి నిలబడ్డవాళ్లని ఏం చెయ్యాలో వాళ్లకీ తెలిసినట్టు లేదు.

ఈలోగా వకుళ పొద్దున్న చేసినదంతా వెనక్కి తీసేసింది. సున్నా పోయి ఎర్ర గీతలు మళ్లీ తెర నిండా వచ్చాయి. నాయుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని పైనుంచి ఒక్కొక్క గీతా చూడటం మొదలుపెట్టింది. షరతు కింద ఒక్క లైనే ఉంటే సరే. రెండో లైను కుడివైపుకి ఒరిగి ఉంటే మాత్రం, అది రాసినవాళ్లు ఆఫీసులో ఉన్నారేమో చూసి, వాళ్ల బల్ల దగ్గరికి ఇద్దరూ వెళ్లి అడిగారు: ఇక్కడ మీ ఉద్దేశం ఏమిటి? గుర్తులేదన్నవాళ్లే ఎక్కువ. కొందరు తమ కోడ్ చూసి తామే ఆశ్చర్యపోయారు. కంట్లో మందుచుక్కలు వెయ్యమని గుర్తుచేసే భాగంలో అచ్చం అలాంటిదే ఇంకొకటి బయటపడింది. ఇంకా ఆస్పత్రికి వెళ్లలేదు, వెళ్లి ఉంటే పిల్లలకీ పెద్దలకీ ఒకే మోతాదు చెప్పేది. రాసినావిడ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దున్న వకుళ నొక్కిన మాటని వెనక్కి తీసుకోకపోయి ఉంటే, అది బ్రాకెట్లు తొడుక్కుని, ఎడమకి జరిగి, ఎవరి కంటా పడకుండా ఆస్పత్రికి చేరేది.

పని సగం కూడా కాలేదు. అందరూ సంచులు సర్దుకుంటున్నారు. నాయుడు ఇంటికి ఫోన్ చేసి, ఆలస్యం అవుద్ది, మీరు తినేయండి అని చెబుతున్నాడు. ఆ వారంలో అతను అంత మామూలుగా మాట్లాడటం అదే మొదటిసారి. వకుళకి వెన్ను నొప్పెడుతోంది, కళ్లు మండుతున్నాయి. సోమవారం ఆస్పత్రిలో ఎవరి మొహాలు చూడాల్సి వస్తుందో తెలియదు. అయినా పొద్దుటి ప్రశ్న అలాగే మిగిలి ఉంది. పసుపా, ఎరుపా, దిద్దే పని మిషనుకి ఇవ్వాలా, వద్దా. రూలు ఫైలు తెర మీద తెరిచే ఉంది. ఏదో ఒకటి రాసి మూసెయ్యాలి.

మేస్టారు బల్ల మీది సామాను సర్దుకుని లేచి వెళ్లబోతుంటే ఆమె అడిగింది.

“మేస్టారూ, మీరింకా జవాబు చెప్పలేదు. రూలు ఎంత గట్టిగా పెట్టమంటారు?”

ఆయన ఆగారు. ఆయనా అలసిపోయే ఉన్నారు, గుమ్మానికి చెయ్యి ఆన్చి నిలబడ్డారు.

“మధ్యాహ్నం తెర మీద నీ పేరు పడినప్పుడు, చక్రపాణి ఏం చేస్తే బాగుండుననిపించింది నీకు?”

వకుళ ఆలోచించింది. “వదిలెయ్యాలని అనిపించలేదండి,” అంది. “ఫొటో తీసే ముందు కాస్త ఆగి, నన్ను ఒక్కమాట అడిగితే చాలనిపించింది.”

“మరి రూలుకీ ఆపి అడగడమే నేర్పు, అంతకు మించి నేర్పకమ్మా,” అని భుజంగరావు గారు మెట్లు దిగి వెళ్లిపోయారు.